గోడసందులో అడుగులు

ఒకటో రోజు

ఈ పుస్తకం మా కాలనీకి పెద్దదిక్కు కొర్లమ్మ పెద్దమ్మ ఇచ్చింది. పొద్దున్నే వీధుల్లో పిల్లల అడుగులు లెక్కపెట్టి రోజూ ఇందులో రాయాలట. నాకు చదువు తక్కువ. మా బంగారమ్మపేట బడి సముద్రంలో కలిసిపోయిన ఏడు నేను అయిదులో ఉన్నాను, ఆ పైన చదవలేదు. ఆ మాటే చెప్పాను. అంకెలు వచ్చు కదా అంది. వచ్చు అన్నాను. అంకెలు వేసి ఆ కింద నీకు తోచింది రాసుకో, ఎవరూ దిద్దరు అంది.

నాకే ఎందుకిచ్చిందో తెలుసు. ఈ గుట్ట కాలనీలో ఆడవాళ్ళంతా తెల్లారకముందే బస్సెక్కి అంతస్తుల పొలానికి నాట్లకి పోతారు. ఒకదాని మీద ఒకటి ఇరవై మడులు, ఎండ మొహం చూడని పైరు. తొమ్మిదికి తిరిగొస్తారు. నేనూ పోయేదాన్ని. గవిరి పోయాక మానేశాను. గవిరి నా కూతురు. ఏడేళ్ళ పిల్ల. పోయినేడు ఎర్రరోజున పోయింది.

ఎర్రరోజంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎండకి మనిషి నిలవలేని రోజు. గుట్ట మీద కూతగడ, అంటే సైరను గుంజ, మూడుసార్లు కూస్తుంది. కూసిన గంటలోపల పిల్లల్ని కొండ తొలిచి కట్టిన చలవింట్లోకి చేర్చాలి. ఇంట్లో దాచుకుందామంటే మావి మిషను పోసిన అచ్చు ఇళ్ళు, ఆ రోజు ఇటుకల బట్టీలా కాలతాయి. కాబట్టి నడవాలి. ఆ గంటసేపు నడిచే దారి మీద నీడ ఉండాలి. అంతే మా కష్టమంతా.

నిన్న పట్నం నుంచి పన్నెండు తానుల చలవబట్ట వచ్చింది. ఎండ తగిలిన కొద్దీ కిందికి చల్లదనం దించే బట్ట. పోయినేడూ వచ్చింది గానీ అప్పుడు ఎక్కడ కట్టాలో పట్నం మిషనే చెప్పింది. పిల్లల మణికట్టుకి బిళ్ళలుంటాయి, వాటిని బట్టి పిల్లలెక్కడ తిరుగుతారో మిషను పటం గీస్తుంది. మా గుంటలేమో అమ్మలకి దొరక్కూడదని ఆ బిళ్ళలు తీసి మేకల మెడలకి కట్టేవారు. అందుకని బట్టంతా బోడిరాళ్ళ మీద కట్టి పోయారు. ఎండాకాలం అంతా మేకలు హాయిగా నీడలో పడుకున్నాయి. మా పిల్లలు ఎండలో నడిచారు.

ఈ ఏడు పెద్దమ్మ పదిహేనుమంది ఆడవాళ్ళని తీసుకుని పట్నం ఆఫీసు వరండాలో కూర్చుంది. బట్ట మా చేతికివ్వండి, ఎక్కడ కట్టాలో మేం చూసుకుంటాం అని. రెండు రోజులు ఎవరూ పలకలేదు. మూడో రోజు అక్కడే పొయ్యి పెట్టి ఎండు నెత్తళ్ళు వేపారు. ఆ చేపల కంపుకి మధ్యాహ్నానికి సంతకం అయింది. ఒక్క ఏడాదికే ఇచ్చారు. ఎర్రరోజున ఒక్క పిల్ల దారిలో పడిపోయినా వచ్చే ఏడు మళ్ళీ మిషను చెప్పినట్టే.

రెండో రోజు

పద్ధతి ఇది. తెల్లవారుజామున వీధులన్నిటా ముగ్గుపిండి పల్చగా చల్లుతాం. గీత లేదు, చుక్క లేదు, ఉత్త తెలుపు. తొమ్మిదింటికి పోయి చూస్తే చిన్న కాళ్ళు ఏ దారిన పోయాయో నేలే చెబుతుంది. పెద్దమ్మ బుర్రకి తట్టిన ఆలోచన. ఒక్కో దారిలో గుర్తు పెట్టిన నాలుగు గజాల మేర పడిన అడుగులే లెక్క. ఎక్కువ అడుగులున్న దారికి ముందు బట్ట.

మొదటి వరస దారి ముప్ఫై ఒకటి. కుళాయి మలుపు నలభై. నాలుగో వరస ఇరవై ఆరు. ఆరో వరస మెట్లదారి తొమ్మిది. గోడసందు సున్నా.

ఆరో వరస అన్నిటికంటే పైన, మా ఇల్లూ అందులోనే. పదకొండు మంది పిల్లలు. వాళ్ళు చలవింటికి దిగాలంటే రెండే దారులు. చుట్టు తిరిగి మెట్లదారి, లేదా నీళ్ళ ట్యాంకు గోడకీ కాలనీ గోడకీ మధ్యనున్న గోడసందు. గోడసందే కొంచెం దగ్గర. మెట్ల మీద గాలి విసురు, పిండి నిలవదు. తొమ్మిది అని వేశాను గానీ ఇంకా ఉండొచ్చు.

పిల్లలకి ఇదొక ఆటైపోయింది. ఒకడు కుంటికాలితో గెంతుతూ పోయాడు, ఒకతి వెనక్కి నడిచింది. నేను తలపట్టుకుంటే అసిరి వచ్చి విడమరచి చెప్పింది. ఆరో వరస గున్నమ్మ వదిన కూతురు అసిరి. ఆరేళ్ళు. ఊపిరి కొంచెం ఆయాసంగా తీస్తుంది, పరిగెత్తలేదు. అందుకే కాబోలు నేలకేసి చూస్తూ నడుస్తుంది. ఎవరి అడుగు ఏదో ఇట్టే చెబుతుంది. ఈ వేలు వంకర చినబాబుది, ఈ అరిగిన చెప్పు తాతీలుది, ఇదిగో ఇది కోడిది, లెక్కలో వెయ్యకు అత్తా అంది.

మూడో రోజు

ఈవాళ జరిగింది రాయాలా వద్దా అని చాలాసేపు చూశాను.

పిండి చల్లడానికి వెళ్తూ గవిరి చెప్పులు సంచీలో వేసుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. నీలం రబ్బరు చెప్పులు, అడుగున పువ్వు అచ్చు. ఎడమదాని పట్టీ తెగితే వాళ్ళ నాన్న వలతాడుతో కట్టాడు, అడుగునున్న ఆ ముడి కూడా అచ్చులో పడుతుంది. గోడసందులోకి ఏ పిల్లనీ రానివ్వరు. పిల్ల పోయిన చోట ఏడాది దాటేదాకా చిన్నపిల్లల్ని తొక్కనివ్వకపోవడం మా సముద్రం వాళ్ళ ఆనవాయితీ. కాబట్టి అక్కడ పిండి చల్లితే చల్లినట్టే ఉంటుంది. అంత తెల్లగా, అంత ఖాళీగా చూడలేకపోయాను.

ఒక్క చెప్పు అద్దాను. పువ్వు పడింది. రెండోది అద్దాను.

తర్వాత నా అడుగు పిండిలో పడకుండా గోడవార కాలవ పలక మీద నడుస్తూ, పక్కన పిండిలో దాన్ని నడిపించాను. ఎడమ, కుడి, ఎడమ. పడిపోయిన చోట ఆగలేదు. చివరిదాకా, చలవింటి గుమ్మం కనిపించేదాకా నడిపించాను.

తొమ్మిదింటికి లెక్కకి పోతే అవి అక్కడే ఉన్నాయి. గోడసందు పద్నాలుగు అని రాశాను. అడుగుకి అడుగే కదా అనుకున్నాను.

ఏడో రోజు

గోడసందు పద్దెనిమిది. మెట్లదారి ఎనిమిది.

సాయంత్రం వలల చావిట్లో అందరూ కూర్చుని బట్ట చీలికలు ముడేస్తున్నారు. తానుని తానులాగే కడితే గాలికి చిరుగుతుందని, చీరి వల అల్లుతున్నాం. చీలిక నీడ, సందులో గాలి. పట్నం అమ్మాయి బట్ట చూపించడానికి వచ్చినప్పుడు, కోస్తే పాడైపోతుందని కంగారుపడింది. నా పెనిమిటి ఎల్లాజీ ఒక మూర అల్లి ఎండలో పెట్టి, దాని కింద ఆ అమ్మాయి చెయ్యి పెట్టించాడు. అమ్మాయి చాలాసేపు చెయ్యి తియ్యలేదు. ఇరవయ్యేళ్ళుగా వల ముట్టని మగవాళ్ళు ఇప్పుడు ముడి మీద పోట్లాడుకుంటున్నారు. నీది రొయ్యల వల, నాది వంజరం వల అని ఒకటే వెక్కిరింతలు.

పెద్దమ్మ నా పుస్తకం చదివించుకుంది. గోడసందు దగ్గర ఆగింది. మళ్ళీ చదవమంది. చదివాను. ఆవిడ మొహం విచ్చుకుంది. పిల్లలు భయం మరిచారు, మనకంటే వాళ్ళే నయం అంది. గున్నమ్మ వదిన మాత్రం తన పిల్ల ఆ దారిన పోవడం లేదంది. పిల్లలు నీకు చెప్పి వెళ్తారా అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. వదినా నవ్వింది.

నేను అప్పుడే చెప్పాల్సింది. నోట్లో చీలిక పట్టుకుని ముడేస్తున్నాను. నోరు ఖాళీ లేదు. అది సాకే.

పదిహేనో రోజు

నిన్నటితో లెక్క ముగిసింది. పదమూడు రోజుల అడుగులూ కూడి, తేలికగా చూసుకోవడానికి దారికొక తాడు కట్టి ముళ్ళు వేసి పెద్దమ్మకి ఇచ్చాను. చదవడం రాని వాళ్ళు కూడా వేళ్ళతో తడిమి చూసుకున్నారు. గోడసందు తాడు మెట్లదారి తాడు కంటే రెండింతలు పొడుగుంది.

వల మొత్తం నాలుగు వందల బారలు వస్తుంది. బార అంటే చేతులు రెండూ చాచినంత. అన్ని దారులకీ పోగా చివరికి నలభై బారలు మిగులుతుంది. అది మెట్లదారికి కట్టాలా, గోడసందుకి కట్టాలా. తాడు చూసి గోడసందుకే అన్నారు. పిల్లలే తొక్కేశాక ఇంక ఆనవాయితీ ఏమిటన్నారు. ఆరో వరస పిల్లలంతా ఎర్రరోజున అటే దిగాలని తీర్మానం.

ఎల్లాజీ ఏమీ అనలేదు. ఆయన అసలే మాటకారి కాదు, గవిరి పోయాక ఉన్న నాలుగు మాటలూ దాచుకున్నాడు. నిన్న రాత్రి అన్నం తింటూ మాత్రం, ఆ సందులో గాలి ఆడదు, వల కింద గాలి ఆడకపోతే నీడ పనిచెయ్యదు అన్నాడు. నేను వినపడనట్టు పులుసు పోశాను.

దానికి నీడ కావాలి. ఇంకేమీ ఆలోచించలేదు. ఒక్కసారి ఆ సందు మీద నీడ పడితే, దాని కాలు కాలకుండా ఉంటుంది అన్నట్టు ఉంది నా బుద్ధి. పోయిన పిల్లకి ఎండేమిటి, నీడేమిటి. తెలుసు. తెలిసీ ఈవాళ పొద్దున్న కూడా చెప్పులు అద్దడానికి వెళ్ళాను, లెక్క అయిపోయినా. పిండి లేదు. ఉత్త నేల.

పద్దెనిమిదో రోజు

గోడసందు మీద వల కట్టారు. పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళి కింద నించున్నాను. నేల మీద చిన్న చిన్న గళ్ళుగా నీడ. చేపపొలుసుల్లా ఉంది. అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. చాన్నాళ్ళ తరవాత మనసు కుదుటపడినట్టనిపించింది. ఇంటికొచ్చి కూర కూడా వండాను, ఉప్పు సరిపోయింది.

ఇరవై రెండో రోజు

పట్నం నుంచి కబురు. మొదటి ఎర్రరోజు నలభయ్యో రోజున అనుకున్నది ముందుకొచ్చింది. మూడు నాలుగు రోజుల్లోనే రావచ్చు. రేపు పిల్లలందరినీ ఒకసారి నడిపించి చూద్దాం అంది పెద్దమ్మ. ఎండ ముదిరాక, తొమ్మిదిన్నరకి, కూత లేకుండా.

ఇరవై మూడో రోజు

చెయ్యి బొబ్బెక్కింది, అక్షరాలు సరిగా రావడం లేదు.

మొదటి అయిదు వరసలూ బాగా నడిచాయి. వల కింద పిల్లలు గోలగోలగా దిగారు, ఒక్కరికీ చెమట పట్టలేదు. ఆరో వరసని గున్నమ్మ వదిన తీసుకొచ్చింది. పిల్లలు గోడసందు మొదట్లో ఆగిపోయారు. రామని మొరాయించారు. రోజూ పోయేవాళ్ళే కదా, ఈవాళ ఏమొచ్చింది అని పెద్దమ్మ కేకేసింది. అప్పుడు వదిన అసిరి చెయ్యి పట్టుకుని ముందు దిగింది, మిగిలినవాళ్ళు వెనకాల.

నేను కింద చివర నించున్నాను. పై నుంచి చల్లదనం దిగుతున్నా రెండు గోడలూ సెగలు కక్కుతున్నాయి. పొద్దున్నే ఎనిమిదింటికి వచ్చి చూసుకున్నదాన్ని, ఎండ ముదిరాక ఒక్కసారీ రాలేదు. నా చెయ్యి గోడకి ఆనించాను, బొబ్బెక్కింది. లోపల గాలి కదలడం లేదు. సగం దారిలో అసిరి కూలబడింది.

అదే చోట అని రాయను. దానికి రెండు అడుగులు ఇవతల.

వదిన దాన్ని భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చింది. మిగిలిన పిల్లల్ని వెనక్కి పంపేశారు. చలవింట్లో పడుకోబెట్టి తడిగుడ్డ వేసి గాలి విసిరాం. పావుగంటకి ఊపిరి సర్దుకుంది. నీళ్ళు తాగింది. ఈవాళ మామూలు ఎండే. అదే ఎర్రరోజైతే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు.

ఇదేం విడ్డూరం, రోజూ పద్దెనిమిది అడుగులు ఎలా పడ్డాయీ పొయ్యిలో, అని పెద్దమ్మ తనలో తను అనుకుంటోంది. చల్లపూట నడిచారేమో అని ఎవరో సర్ది చెప్పారు. వదిన పిల్ల పాదాలు ఒత్తుతోంది. అసిరి కళ్ళు తెరిచి నా వైపు చూసింది. సందులోకి దిగకపోయినా రోజూ మొదట్లోంచి తొంగి చూసినట్టుంది. పిండి మీద ఏది కనపడినా నాతోనే చెప్పడం దానికి అలవాటు.

“అత్తా, ఆ సందులో నడిసే గుంట రోజూ ఎల్తాది గానీ, తిరిగి రాదేటి?”

ఎవరికీ అర్థం కాలేదు. జ్వరం మాటలనుకున్నారు. నాకు అర్థమైంది. పిల్లలు ఎక్కడికి పోయినా మళ్ళీ ఇంటికి వస్తారు. దారి మీద పోయిన అడుగులుంటాయి, వచ్చిన అడుగులుంటాయి. నా గవిరిని నేను ఒకే వైపు నడిపించాను. వెనక్కి తీసుకురావాలని ఒక్కనాడూ తోచలేదు.

అక్కణ్ణుంచి లేచి వచ్చేశాను. చెప్పలేదు. ఈవాళ కూడా చెప్పలేదు.

ఇరవై నాలుగో రోజు

చెప్పాను.

నాట్లకి ఎవరూ పోలేదు, పొద్దున్నే చావిట్లో అందరూ కూడారు. పెద్దమ్మ ఏం చెయ్యాలో తేల్చలేకపోతోంది. అడుగులు అబద్ధం చెప్పవు, పిల్లకి ఆయాసం ఉండబట్టి అలా అయింది, మిగతా పదిమందినీ గోడసందులోనే త్వరగా దింపేద్దాం అని ఒకరన్నారు. చాలామంది తలలూపారు. ఆ తలలు చూశాక ఇంక కూర్చోలేకపోయాను. సంచీలోంచి చెప్పులు తీసి నేల మీద పెట్టాను.

“అవి గవిరి సెప్పులు. ఆ సందులో అడుగులన్నీ ఇయ్యే. నానే అద్దినాను. ఏ గుంటా ఆడ నడవలేదు.”

గున్నమ్మ వదిన లేచి నా ఎదురుగా వచ్చి నించుంది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. మెల్లగా అడిగింది.

“నీ గుంట పోనాది. నా గుంటని కూడా ఆడికే పంపుదుమనుకున్నావేటి?”

లేదొదినా అన్నాను. దానికి నీడుంటే చాలనుకున్నాను, ఆ వల మీ పిల్లలకి దక్కకుండా పోతుందని ఆలోచించలేదు అన్నాను. ఆ తరవాత, ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది కూడా వచ్చేసింది. పోయినేడు కూత పడినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. నీళ్ళ సీసాలు నింపుతున్నాను. గోడసందులోంచి పో, దగ్గర, అని దాన్ని పంపింది నేనే. అది మెట్లదారినే పోతానంది. కసిరాను. రెండు సీసాలు నిండేలోపల చేరిపోతుందనుకున్నాను.

వదిన నన్ను చూస్తూనే ఉంది. పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయింది. అలా వెళ్ళిపోవడం న్యాయమే.

పెద్దమ్మ కర్ర పట్టుకుని లేచింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి గానీ గొంతులో తడి లేదు.

“ఏడుపు తరవాత ఏడుద్దుం. ముందు వల దింపండి.”

దింపడం అంత తేలిక కాదు. ఎండ తగిలాక చలవబట్ట ముడి బిగుసుకుపోతుంది, విప్పితే రాదు. విప్పొద్దు, అలాగే మోసుకుపోదాం అన్నాడు ఎల్లాజీ. సముద్రం మీంచి వల తెచ్చినట్టు. నలభై బారల వల, బారకొక మనిషి. మగవాళ్ళు సరిపోలేదు. ఆడవాళ్ళు చెంగులు దోపుకుని భుజం పట్టారు. అయిదో వరస ముసలాళ్ళూ వచ్చారు. గోడసందులోంచి బయటికి లాగేటప్పుడు ఒక కొస నేను పట్టుకున్నాను. ఎవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు.

మెట్ల దగ్గర వంపు తిరిగేటప్పుడు వల చుట్టుకుపోయింది. అందరం కలిసి పదం అందుకున్నాం. పాత పేటలో పడవ ఒడ్డుకి లాగేటప్పటి పదం. దాన్ని నేను చివరిసారి విన్నప్పుడు నాకు గవిరంత వయసు. పిల్లలు కిటికీల్లోంచి చూసి నవ్వారు, ఇంత మంది పెద్దవాళ్ళు ఒక గుడ్డని పట్టుకుని ఊగుతున్నారని.

పదకొండుకి ఎండ ఓర్వలేక ఆపేశాం. సగం కట్టాం. ఇరవై బారలు మిగిలింది.

మధ్యాహ్నం ఇంట్లో ఎల్లాజీ నా బొబ్బెక్కిన చేతికి వెన్న రాశాడు. నీకు కోపం లేదా అని అడిగాను. వేళ్ళ మధ్య రాస్తూనే చెప్పాడు.

“నాకు తెలుసు. మొదట్రోజే తెల్సిపోనాది. ఆ పట్టీ నా ముడే కదా. రోజూ పనికి పోతా ఆ దారంట ఎల్లీవోణ్ణి. ఒక్క అడుగు సూసుకుని పోయీవోణ్ణి.”

అంటే తప్పులో ఇద్దరం ఉన్నాం. ఏడాదిగా ఒకే ఇంట్లో చెరొక మూల ఏడుస్తున్నాం. ఈవాళ ఒక మూల కూర్చున్నాం.

ఇరవై అయిదో రోజు

అయిదింటికే పని మొదలుపెట్టాం. ఎనిమిదికి అయిపోతుందనుకున్నాం. ఏడుంపావుకి కూత పడింది. ఒకటి, రెండు, మూడు.

ఇంత పొద్దున్న ఎప్పుడూ కూయలేదు. నాట్లకి పోయినవాళ్ళు ఇంకా రాలేదు, వాళ్ళని ఆ పొలంలోనే ఉంచేస్తారు. మెట్లదారి మీద ఇంకా ఎనిమిది బారలు బోసిగా ఉంది. వల ఉంది, కట్టడానికి గుంజలు పాతలేదు. గుంజ పాతాలంటే రాయి తవ్వాలి, గంట పడుతుంది.

కింది వరసల పిల్లలు దిగడం మొదలైంది. ఆరో వరస పదకొండు మందీ పైన చేరి నించున్నారు. గున్నమ్మ వదిన ఆ పూట పనికి పోలేదు, అసిరిని చంకనేసుకుని వాళ్ళతోనే ఉంది. గాలి అప్పుడే మండుతోంది.

గుంజలెందుకు, మనుషులున్నారు కదా అన్నాను. అన్నది నేనే, కానీ ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా నాకూ తెలియదు. ఎల్లాజీ వల కొస ఎత్తి నెత్తి మీద పెట్టుకుని మెట్టు మీద నిలబడ్డాడు. ఎదురుగా నేను నిలబడ్డాను. మా పక్కన ఇంకో ఇద్దరు, ఆ కింద ఇంకో ఇద్దరు. పదహారు మందిమి రెండు బారులుగా, చేతులు పైకెత్తి. పైన వల, కింద నీడ, మధ్యలోంచి మెట్ల గాలి. తలలు తడిగుడ్డలతో చుట్టుకున్నాం. పెద్దమ్మ అడుగున నించుని, పిల్లలూ ఒక్కొక్కరే రండి, తొయ్యకండి అంటోంది.

వాళ్ళు మా చేతుల కింద నుంచి పోయారు. కుంటికాలి వాడు ఇప్పుడూ గెంతబోతే తాతీలు జెల్ల కొట్టింది. ఒకతి ఆగి, మావా నీ చంక కింద చినిగింది అని ఎల్లాజీకి చెప్పి పోయింది. ఆయన నవ్వాడు. వల కదిలింది, నీడ గళ్ళు పిల్లల మొహాల మీద అటూ ఇటూ ఊగాయి.

అందరికంటే చివర వదిన వచ్చింది. మెట్ల మీద ఎత్తుకుంటే కాలు తడబడుతుందని అసిరిని దించి నడిపిస్తోంది. నా ముందునుంచి పోతూ నా వైపు చూడలేదు. అసిరి చూసింది. నెమ్మదిగా, ఒక్కొక్క మెట్టూ, ఊపిరి తీసుకుంటూ దిగింది. నేను లెక్కపెట్టాను. మెట్లు ఇరవై తొమ్మిది.

చలవింటి తలుపు దగ్గర పెద్దమ్మ చెయ్యి ఎత్తింది. కాలనీలో యాభై ఎనిమిది మంది పిల్లలు. యాభై ఎనిమిదీ లోపల. అప్పుడు చేతులు దించాం. నా భుజాలు ఇంకా లేవడం లేదు.

ముప్ఫయ్యో రోజు

మధ్యలో రాయలేదు. గుంజలు పాతాం. మెట్లదారి వల పూర్తిగా నిలబడింది. గోడసందు రెండు చివర్లా కర్రలు అడ్డం కట్టి దారి మూసేశారు. ఎల్లాజీ కట్టాడు, నేను తాడు అందించాను. ఈ పుస్తకం ఇంకెవరికైనా ఇవ్వమని పెద్దమ్మకి తిరిగిచ్చాను. ఆవిడ తీసుకోలేదు. తప్పు రాసిన చెయ్యి మళ్ళీ తప్పు రాయడానికి భయపడుతుంది, నాకు అలాంటి చెయ్యే కావాలి అంది. పుస్తకం మళ్ళీ సంచీలో పెట్టుకున్నాను.

పట్నం అమ్మాయి వచ్చింది. చేతులతో వల పట్టుకున్న సంగతి ఎవరో చెబితే రాసుకుంది. వచ్చే ఏడు సంగతి తన చేతిలో లేదంది. మా చేతులు ఏం చెయ్యగలవో తెలుసుకుని వెళ్ళింది కదా, చాలు.

గున్నమ్మ వదిన ఈ అయిదు రోజులూ నాతో మాట్లాడలేదు. కుళాయి దగ్గర నేనుంటే బిందె పక్కన పెట్టి ఆగేది, నేను వెళ్ళాక పట్టుకునేది. నేనూ పలకరించలేదు. ఏ మాటతో పలకరిస్తాను.

ఈవాళ తెల్లవారుజామున తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే వదిన, నాట్ల బట్టల్లో, బస్సుకి సిద్ధంగా. అసిరి నిద్రకళ్ళతో ఆవిడ కొంగు పట్టుకుని ఉంది. వదిన నా మొహం చూడలేదు, గుమ్మం వైపు చూస్తూ చెప్పింది.

“ఇయ్యాల నాను పనికి పోవాల. కూత పడితే నువ్వు దింపు. నెమ్మదిగా నడిపించు, అది తొందరపడలేదు.”

సరే వదినా అన్నాను. వదిన నాలుగడుగులు పోయి, తిరిగి వచ్చి, పిల్లకి చల్దన్నంలో ఉల్లిపాయ వద్దు, ఏరేస్తాది అని చెప్పి బస్సుకి పోయింది.

ఇప్పుడు ఆరున్నర. కూత పడలేదు, పడకపోవచ్చు కూడా. అసిరి నా ఎదురుగా కూర్చుని తింటోంది. ఉల్లిపాయ వెయ్యలేదు. ఏం రాస్తున్నావు అత్తా అంది. నీ గురించే అన్నాను. అయితే నేను రెండోసారి పెట్టించుకున్నానని రాయి అంది.

రెండోసారి పెట్టించుకుంది.